ఏకదైవ విశ్వాసం మీద పుస్తకం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

తొలినాటి యూదు, క్రైస్తవ ఏకదైవ విశ్వాసం మీద తెలుగులో పరిశోధన గ్రంథం వేస్తున్నవాళ్లూ, చదువుతున్నవాళ్లూ, కంపోజ్ చేస్తున్నవాళ్లూ రాసిన ఉత్తరాలు ఈసారి ఒకచోట చేర్చాం. ఇలాంటి పుస్తకం తెలుగులో రావడమే అరుదు కాబట్టి మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకి వాయిదా వేశాం.

ప్రశ్న: *తొలి శతాబ్దపు యూదులూ క్రైస్తవులూ "దేవుడు ఒక్కడే" అన్నప్పుడు ఏమి ఉద్దేశించారన్న విషయం మీద పుస్తకం రాశాను. డెమ్మీ సైజు, 272 పేజీలు, 500 ప్రతులు. సంఘాల్లో గొడవ అవుతుందని కొందరు, అసలు ఎవరూ కొనరని కొందరు అంటున్నారు. ప్రచారం ఎలా మొదలుపెట్టమంటారు? (ఒక అధ్యాపకుడు, బ్రాడీపేట, గుంటూరు)*

జవాబు: మీ మిత్రుల భయాలు రెండైనా మందు ఒకటేనండీ. మీరు తేల్చిన తీర్పును కాదు, మీరు వేసుకున్న ప్రశ్నను జనం ముందు పెట్టండి.

గుంటూరులో ఈ పుస్తకానికి పాఠకులు లేరనడం సరికాదు. లూథరన్ మిషనరీ హెయ్యర్ దొర 1842లో ఇక్కడ అడుగుపెట్టారు, ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ మూలాలు 1885 నాటివి, ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం 1927 నుంచి ఈ ఊరినుంచే నడుస్తోంది. వచనం చెబితే అధ్యాయం చెప్పగల సండేస్కూలు టీచర్లు, స్త్రీల సమాజాల పెద్దలు పేటపేటకీ ఉన్నారు. అదే వచనం మొదటి శతాబ్దపు యూదుడి చెవికి ఎలా వినిపించి ఉంటుందన్న ప్రశ్న మాత్రం వాళ్లను ఎవరూ అడగలేదు. మీ పుస్తకం అడుగుతోంది. కాబట్టి ఆ వచనాన్నే వాళ్ల చేతిలో పెట్టండి.

ఒక ఏ4 కాగితాన్ని మధ్యకి మడిస్తే నాలుగు పేజీల కరపత్రం అవుతుంది. అందులో రచయిత ఫొటో, డిగ్రీలు, అభినందనలు వద్దు. అయిదు జతల వచనాలు వేయండి. మొదటిది ద్వితీయోపదేశకాండము 6:4 (మన దేవుడైన యెహోవా ఒక్కడే అన్న వచనం), దాని పక్కన 1 కొరింథీయులకు 8:6. ఇశ్రాయేలు రోజూ పలికిన ఒప్పుకోలుకి దగ్గరగా ఉన్న మాటలతోనే పౌలు "ఒక్కడే దేవుడు, తండ్రి" అని, ఆ వెంటనే "ఒక్కడే ప్రభువు, యేసు క్రీస్తు" అంటాడు. పాత ఒప్పుకోలు లోపలే క్రీస్తుకి చోటు ఇచ్చాడా, దాని పక్కన మరో మాట చేర్చాడా? పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నది ఇక్కడే.

రెండో జత యెషయా 45:23, ఫిలిప్పీయులకు 2:10-11. యెషయాలో ప్రతి మోకాలూ యెహోవా ఎదుట వంగుతుంది. పౌలు లేఖలో యేసు నామమున వంగుతుంది, అయితే అంతా "తండ్రియైన దేవుని మహిమార్థమై" అని ముగుస్తుంది. మూడోది 1 దినవృత్తాంతములు 29:20. అక్కడ సమాజమంతా యెహోవాకీ, రాజుకీ కలిపి నమస్కరిస్తుంది. దాని పక్కన ప్రకటన 22:8-9 పెట్టండి, అక్కడ దూత తనకి నమస్కారం వద్దని యోహానును ఆపుతాడు. నాలుగో జతకి మేఘాలతో వచ్చే మనుష్యకుమారుడి దర్శనం దానియేలు 7:13-14, యేసు ఆ మాటలు తన గురించి చెప్పుకున్న మార్కు 14:62. అయిదోదానికి సింహాసనాసీనుడికీ గొఱ్ఱెపిల్లకీ కలిపి స్తుతి చెప్పే ప్రకటన 5:13 ఒకవైపు, తండ్రిని "అద్వితీయ సత్యదేవుడు" అనే యోహాను 17:3 ఇంకోవైపు. ప్రతి జత కింద ఒకే ప్రశ్న, దాని కింద రాసుకోవడానికి మూడు గీతల ఖాళీ. జవాబు ఇవ్వకండి. చివరి పేజీ అడుగున మాత్రం ఏ ప్రశ్న మీ పుస్తకంలో ఏ అధ్యాయంలో ఉందో, ధర ఎంతో, ఎక్కడ దొరుకుతుందో రాయండి.

ఈ కరపత్రంలో బైబిలు తప్ప ఏమీ లేదు. "ఇది బైబిలుకి విరుద్ధం" అని దాన్ని పక్కన పడెయ్యడం ఏ పాస్టరుగారికీ కుదరదు. చదివిన మనిషికి రెండు నిమిషాల్లో ఒక ముడి కనిపిస్తుంది. ముడి కనిపించినవాడే 272 పేజీలు చదువుతాడు.

గొడవలు చాలావరకు వెనక అట్ట మీదే పుడతాయి, త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న సిద్ధాంతం) మాట వచ్చినచోట మరీ. "త్రిత్వానికి తిరుగులేని రుజువు" అని వేస్తే ఒక వర్గం, "త్రిత్వం తర్వాతి కల్పన" అని వేస్తే ఇంకో వర్గం పుస్తకాన్ని ఆయుధంగా పట్టుకుంటాయి. రెండూ చరిత్రకి అన్యాయమే. త్రిత్వ సిద్ధాంతానికి మాటలు కూర్చిన బిషప్పుల సభల్లో నైసియా సభ జరిగింది 325లో, కాన్‌స్టాంటినోపుల్ సభ 381లో. ఆ సభలు తేల్చిన పదజాలాన్ని పౌలు నోట వెతకడం ఎంత తప్పో, పౌలు ఆ పదాలు వాడలేదు కనుక ఆ సభలు చెప్పింది తప్పు అనడం అంతే తప్పు. మీ పుస్తకం ఏ కాలానికి సంబంధించిందో అట్ట మీద ఒక వాక్యంలో చెప్పెయ్యండి. ఈ ధోరణిలో రాయవచ్చు:

"యెరూషలేము దేవాలయంలో బలి అర్పించిన యూదుడూ, కొరింథులో ఒక ఇంట్లో రొట్టె విరిచిన క్రైస్తవుడూ దేవుడు ఒక్కడే అని నమ్మారు. ఇద్దరి నమ్మకం ఎక్కడ కలిసింది, ఎక్కడ విడిపోయింది? సభలూ విశ్వాస ప్రమాణాలూ రాకముందు, మొదటి రెండు శతాబ్దాల గ్రంథాలు ఏమి చెబుతున్నాయో ఈ పుస్తకం పరిశీలిస్తుంది."

ఇంతే చాలు. "ప్రప్రథమ", "సంచలనాత్మక" వంటి మాటలు తీసెయ్యండి. పండితులు వాటిని చూసే పుస్తకం కింద పెడతారు.

ఆవిష్కరణ సభ గురించి కాస్త గట్టిగా చెప్పాలి. వేదిక మీద ఎనిమిదిమంది, అందులో పుస్తకం తెరిచినవాళ్లు ఒకరిద్దరు, చివర్లో రచయితకి అయిదు నిమిషాలు. ఈ పద్ధతి ఏ పుస్తకానికైనా నష్టమే, ఇలాంటి పుస్తకానికి మరీ నష్టం. వక్తలు ముగ్గురు చాలు: బైబిలు గ్రంథాలు బోధించే ఒకరు, ప్రాచీన చరిత్ర చెప్పే ఒకరు, పుస్తకం మొత్తం చదివిన సామాన్య పాఠకురాలు ఒకరు. సభకి కనీసం నాలుగు వారాల ముందు వాళ్లకు ప్రతులు అందాలి. ఒక్కొక్కరికి పది నిమిషాలు. తర్వాత కరపత్రంలోని ఒక జత వచనాలను బిగ్గరగా చదివించి, నలభై నిమిషాలు ప్రశ్నలకి వదలండి. ప్రశ్నలు చీటీల మీద రాయించి తీసుకోవాలి. మైకు చేతికిస్తే ప్రశ్న ప్రసంగం అవుతుంది, ప్రసంగం వాదం అవుతుంది.

ఆదివారం ఉదయం ఆరాధనలు ఉంటాయి కనుక సాయంత్రం నాలుగు గంటలు సరైన సమయం. డిసెంబరు అంతా సెమీ క్రిస్మస్‌లతో నిండిపోతుంది. ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల దినాల్లో శుక్రవారాలు కుదరవు. ఏప్రిల్, మే నెలల్లో ఎండకి హాలు నిండదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా, లేదా సంక్రాంతి తర్వాత, శ్రమల దినాలు మొదలయ్యే భస్మ బుధవారం లోపు పెట్టుకోండి. విజయవాడ పుస్తక మహోత్సవం సాధారణంగా జనవరి మొదట్లో వస్తుంది. దాని కోసం ఆవిష్కరణ ఆపవద్దు. ముందే సభ అయిపోతే స్టాలుకి వచ్చేవాళ్లలో కొందరైనా పుస్తకం పేరు విని ఉంటారు.

ఇక లెక్క. ప్రతికి ఖర్చు 110 రూపాయలు, ధర 300 అనుకుందాం. దుకాణం 40 శాతం కమీషన్ తీసుకుంటే మీకు వచ్చేది 180. పెట్టిన 55,000 వెనక్కి రావాలంటే దుకాణాల ద్వారా 306 ప్రతులు పోవాలి. అదే సభల్లో మీరే 250కి అమ్మితే 220 ప్రతులతో గట్టెక్కుతారు. కాబట్టి మొదటి మూడు నెలలు చేతి అమ్మకం మీదే దృష్టి పెట్టండి. విజయవాడ ఏలూరు రోడ్డు దుకాణాల్లో ఒక్కోచోట అయిదేసి ప్రతులు మాత్రమే ఇచ్చి రసీదు తీసుకోండి. యాభై ఇచ్చి వస్తే అవి గోడౌన్‌కి వెళతాయి, ఏడాది తర్వాత అట్టలు నలిగి తిరిగొస్తాయి. ఉచిత ప్రతులు యాభై దాటనివ్వకండి, అవి కూడా సమీక్ష రాసేవాళ్లకీ, పాఠం చెప్పేవాళ్లకీ, గ్రంథాలయాలకీ. బంధుమిత్రులు కొనుక్కోవాలి.

ప్రశ్న: *ఆకాశంలో "రెండు శక్తులు" ఉన్నాయని యూదుల్లోనే కొందరు నమ్మారని, అందుకే యేసును ఆరాధించడం వాళ్లకి కొత్త కాదని ఒక పుస్తక పరిచయంలో చదివాను. మా బైబిలు స్టడీలో ఈ మాట చెప్పవచ్చా? (ఒక వేదాంత విద్యార్థి, పటమట, విజయవాడ)*

జవాబు: సగం చెప్పవచ్చు. మిగతా సగం జాగ్రత్తగా విడదీసి చెప్పాలి. పుస్తక పరిచయాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే కాబట్టి వివరంగా రాస్తున్నాం.

దానియేలు 7:9లో "సింహాసనములు" అని బహువచనం ఉంది, కూర్చున్నది మాత్రం మహావృద్ధుడు, అంటే దేవుడు, ఒక్కడే. రెండోది ఎవరికి? రబ్బీలు అనే యూదు మతగురువుల చర్చల సంకలనమైన బబులోను తల్మూదులో, హగిగా అనే భాగం 14ఏ దగ్గర, రబ్బీ అకీబా "ఒకటి ఆయనకి, ఒకటి దావీదుకి" అంటాడు. గలిలయవాడైన రబ్బీ యోసే వెంటనే మందలించి, "ఒకటి న్యాయానికి, ఒకటి కరుణకి" అని సరిచేస్తాడు. కొంచెం ముందుకి వెళితే, 15ఏ దగ్గర, ఎలీషా బెన్ అబూయా పరలోకంలో మెటట్రాన్ అనే దూత కూర్చుని ఉండటం చూసి "రెండు శక్తులు ఉన్నాయేమో" అంటాడు. తల్మూదులోనే సన్‌హెద్రిన్ అనే భాగం 38బీలో ఒక వాదం నిర్గమకాండము 24:1 మీద సాగుతుంది. "నా నామము ఆయనయందున్నది" అని నిర్గమకాండము 23:21 చెప్పే దూతను ఆరాధించాలి కదా అని ఎదుటివాడు అడిగితే, రబ్బీ ఒప్పుకోడు. ఇంతవరకు గ్రంథాల్లో ఉన్నదే.

చిక్కు కాలంతో వస్తుంది. తల్మూదుకి పునాది అయిన మిష్నా (రబ్బీల ధర్మసూత్రాల సంకలనం) కూర్పు సుమారు క్రీ.శ. 200 నాటిది. బబులోను తల్మూదు ఇంకా కొన్ని శతాబ్దాల తర్వాత రూపుదిద్దుకుంది. అందులోని కథను తీసుకొచ్చి "పౌలు కాలంలో యూదులు ఇలా నమ్మారు" అని నేరుగా చెప్పకూడదు. ఇంకో సంగతి, రబ్బీలు ఈ మాటను ఖండించడానికే ఎత్తారు. ఖండన ఉందంటే అలా అనుకున్నవాళ్లు ఎక్కడో ఉన్నారని అర్థమే, కానీ వాళ్లు ఎవరు, ఎప్పటివాళ్లు, క్రైస్తవులా కాదా అన్నది ఒక్కో వాక్యానికీ విడిగా తేల్చుకోవాలి.

మొదటి శతాబ్దానికి సాక్ష్యం కావాలంటే ఇతర గ్రంథాలు ఉన్నాయి. అలెగ్జాండ్రియాకి చెందిన యూదు తత్వవేత్త ఫైలో, సుమారు క్రీ.పూ. 20 నుంచి క్రీ.శ. 50 వరకు జీవించినవాడు, దేవుని వాక్కును ఒకచోట "రెండవ దేవుడు" అంటాడు. అదే ఫైలో దేవుడు ఒక్కడే అని గట్టిగా వాదించిన యూదుడు కూడా. రెండు మాటలూ ఒకే మనిషి కలంలో ఎలా ఇమిడాయో చూపించండి, క్లాసు మొత్తం నిటారుగా కూర్చుంటుంది. 1947 ప్రాంతంలో మృతసముద్రం దగ్గర కుమ్రాను గుహల్లో దొరకడం మొదలైన ప్రాచీన యూదు గ్రంథపు చుట్టల్లో ఒకటి (11క్యూ13) ఆదికాండములో అబ్రాహామును దీవించిన రాజు, యాజకుడు మెల్కీసెదెకును పరలోక న్యాయాధిపతిగా చూపి, కీర్తన 82:1లో "దేవుడు" అన్న మాటను అతనికి అన్వయిస్తుంది. ఇవి క్రైస్తవుల రాతలు కావు.

మరి దేవుడికీ ఇతరులకీ మధ్య గీత ఎక్కడ? ఈ విషయంలో పండితులు మూడు దారులు పట్టారు. ఆరాధనే గీత అంటారు కొందరు: దూతలను ఎంత పొగిడినా వాళ్లకు బలి లేదు, సంఘంగా కూడి చేసే పూజ లేదు, క్రీస్తుకి అలాంటి ఆరాధన మొదలవడమే కొత్త. సమస్తాన్నీ సృష్టించినవాడు, పాలించేవాడు ఎవరన్నదే గీత అంటారు ఇంకొందరు: 1 కొరింథీయులకు 8:6 సృష్టి పనిలో క్రీస్తుని చేర్చింది కనుక ఆయనను గీతకి దేవుడున్న వైపే ఉంచినట్టు. పంపినవాడి అధికారమంతా పంపబడినవాడు ధరించవచ్చని మరికొందరు: నిర్గమకాండము 7:1లో మోషే ఫరోకి దేవుడుగా నియమించబడినట్టు, క్రీస్తు సర్వాధికారం పొందిన ప్రతినిధి, ఆ లెక్కన యూదు ఏకదైవ విశ్వాసం అప్పటికి చెదరలేదు, విడిపోవడం తర్వాత జరిగింది. మాకు మొదటి దారి బలంగా కనిపిస్తుంది, ఎందుకంటే బయటివాళ్ల సాక్ష్యం కూడా దానికి ఉంది. సుమారు క్రీ.శ. 112లో బితూనియ (నేటి టర్కీలోని ప్రాంతం) నుంచి రోమన్ గవర్నరు ప్లినీ, చక్రవర్తి ట్రాజనుకు రాసిన ఉత్తరంలో, క్రైస్తవులు తెల్లవారకముందే కూడి "దేవుడికన్నట్టు" క్రీస్తుకి కీర్తన పాడతారని ఉంది. అయితే మూడో దారి వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. 1 దినవృత్తాంతములు 29:20 వాళ్లవైపే నిలబడుతుంది.

స్టడీలో మూడు దారులూ చెప్పి, ఒక్కోదానికీ అడ్డొచ్చే వచనం ఒకటి చూపించండి. పుస్తకం గురించి మాట్లాడేటప్పుడు రచయిత ఏ దారిలో ఉన్నారో స్పష్టంగా చెప్పండి. "పండితులందరూ అంగీకరించారు" అని ఈ విషయంలో ఎవరైనా అంటే నమ్మవద్దు.

ప్రశ్న: *పుస్తకం అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో కంపోజ్ చేశాను. హీబ్రూ మాటలు పేస్ట్ చేస్తే డబ్బాలు వస్తున్నాయి, వచ్చినచోట అక్షరాలు తిరగబడుతున్నాయి. ప్రచార కరపత్రానికి కూడా హీబ్రూ లైను కావాలంటున్నారు. (ఒక డీటీపీ ఆపరేటర్, అరండల్‌పేట, గుంటూరు)*

జవాబు: పేజ్‌మేకర్ పాత వెర్షన్లకి యూనికోడ్ రాదు, కుడి నుంచి ఎడమకి రాసే పద్ధతీ తెలియదు. ఎంత తిప్పలు పడ్డా అక్కడ కుదరదు. దారులు రెండు.

పుస్తకం మొత్తం ఇప్పటికే కంపోజ్ అయిపోతే, హీబ్రూ మాటలను యూనికోడ్ వచ్చే వేరే సాఫ్ట్‌వేర్‌లో చేసి, అవుట్‌లైన్స్‌గా మార్చి, బొమ్మలా తెచ్చి అతికించండి. పది పదిహేను మాటలుంటే ఇదే తేలిక. మిగతావి తెలుగు లిపిలో రాస్తే సరిపోతుంది, పాఠకుడికీ సుఖం. అంతకన్నా ఎక్కువ ఉంటే ఇన్‌డిజైన్‌కి మారండి. ముందు అను టెక్స్ట్‌ను యూనికోడ్‌లోకి మార్చి, మళ్లీ ప్రూఫు చూడాలి. మార్పిడిలో ఒత్తులు, క్ష దగ్గర తప్పులు దొర్లుతాయి. పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే తెలుగు, హీబ్రూ రెండూ చెడతాయి. ఎజ్రా ఎస్‌ఐఎల్ హీబ్రూకి, జెంటియమ్ గ్రీకుకి ఉచితంగా దొరుకుతాయి. ఎస్‌బీఎల్ ఫాంట్లు అందంగా ఉంటాయి కానీ అమ్మే పుస్తకానికి వాడే ముందు వాటి షరతులు చదవండి.

హీబ్రూ రానివాళ్లు ప్రూఫు ఎలా చూడాలంటే, ద్వితీయోపదేశకాండము 6:4 లైనులో మూడు పళ్లున్న షీన్ అక్షరం కుడి చివర ఉండాలి. ఎడమ చివర ఉంటే లైను తిరగబడింది. ఆ వచనంలో మొదటి మాట చివరి అక్షరం, ఆఖరి మాట చివరి అక్షరం పెద్దవిగా అచ్చువేయడం హీబ్రూ బైబిళ్లలో సంప్రదాయం. దాన్ని తప్పనుకుని చిన్నవి చెయ్యకండి. రెండు మూడు మాటల హీబ్రూ పదబంధం లైను చివర విరిగితే మాటల వరుస తారుమారవుతుంది కనుక దాన్ని విరగకుండా కట్టెయ్యండి.

ప్రశ్న: *ఐఎస్‌బీఎన్‌కి ఎవరికో డబ్బు కట్టాలంటున్నారు. గ్రంథాలయాలకి ఎన్ని ప్రతులు పంపాలి? (గుణదల, విజయవాడ)*

జవాబు: పుస్తకాన్ని గుర్తుపట్టడానికి ఇచ్చే సంఖ్య ఐఎస్‌బీఎన్. అది మన దేశంలో ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ సంస్థ పోర్టల్‌లో రచయితే స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. అచ్చుకి వెళ్లక ముందే చెయ్యాలి, ఎందుకంటే 13 అంకెల సంఖ్య కాపీరైట్ పేజీలోనూ, బార్‌కోడ్ వెనక అట్ట మీదా పడాలి. ఈ-పుస్తకం కూడా వేస్తే దానికి వేరే సంఖ్య.

1954 నాటి డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లోగా నాలుగు గ్రంథాలయాలకి ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో పంపాలి: కోల్‌కతా జాతీయ గ్రంథాలయం, చెన్నై కన్నెమరా, ముంబై ఏషియాటిక్ సొసైటీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ. ఆపైన మీ ఇష్టం. హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల, ఆంధ్ర లయోలా కళాశాల, నాగార్జున విశ్వవిద్యాలయం, గుంటూరు అన్నమయ్య గ్రంథాలయం, 1911 నాటి విజయవాడ రామ్మోహన్ గ్రంథాలయం మా జాబితాలో ముందుంటాయి. ప్రతితోపాటు విషయసూచిక, పది లైన్ల సారాంశం విడి కాగితం మీద పెట్టండి. లేకపోతే కేటలాగులో ఇది భక్తి పుస్తకాల వరుసలోకి వెళ్లిపోతుంది, పరిశోధకుడికి ఎప్పటికీ దొరకదు.

ప్రశ్న: *చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదులున్నారు కదా, మా పుస్తక సభకి వాళ్లను పిలిస్తే బాగుంటుందా? (ఒక ప్రచురణకర్త, లక్ష్మీపురం, గుంటూరు)*

జవాబు: బాగుంటుంది, పాఠకులుగా పిలిస్తే. బెనె ఎఫ్రాయిం అని చెప్పుకునే ఆ కుటుంబాలు 1980ల నుంచి యూదు ఆచారాలు పాటిస్తున్నాయి, వాళ్ల సినగోగు (ప్రార్థనా మందిరం) 1991 నుంచి ఉంది. ప్రదర్శనకి అన్నట్టు వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పి పంపడం మర్యాద కాదు. సభకి నెల ముందే ఒక ప్రతి ఇచ్చి, యూదు ప్రార్థన, తల్మూదు మీద ఉన్న అధ్యాయాలు చదివి చెప్పమని పెద్దలను అడగండి. వాళ్లు అభ్యంతరం చెప్పిన వాక్యం ఉంటే రచయితతో కూర్చోబెట్టి మాట్లాడించండి. "యూదులు క్రీస్తుని తిరస్కరించారు" లాంటి గుత్త మాటలు పరిచయ పత్రంలో ఉంటే ముందే తీసెయ్యండి. తొలి విశ్వాసులంతా యూదులేనని పుస్తకమే చెబుతుంటే, కరపత్రం వేరే మాట చెప్పకూడదు.

శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా వాళ్లకు సబ్బాతు, అంటే విశ్రాంతి దినం. యోమ్ కిప్పూర్ ఉపవాసం సెప్టెంబరు, అక్టోబరుల్లో ఏ తేదీన వస్తుందో కూడా ముందే చూసుకోండి. హాలు బయట సువార్త కరపత్రాలు పంచే ఏర్పాటు ఎవరు చేసినా ఆ రోజుకి ఆపించండి. భోజనం పెడితే మాంసం వండించకండి, శాకాహారంలో కూడా ఏం పెట్టాలో ముందే అడగండి. టీతోపాటు అరటిపళ్లు పెట్టినా సరిపోతుంది.